వేడెక్కాకే పాడుతుందా?

*అటకల మీది పాత యాంప్లిఫయర్లు మళ్లీ హాల్లోకి వస్తున్నాయి. వాటి వెంటే ఒక వాదనా వచ్చింది: ‘ఆన్ చేయగానే వినకూడదు, గంట ఆగాలి’ అని. ఆ గంటలో మారేది యంత్రమా, వినే మనిషా?*

మధ్యాహ్నం పన్నెండు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ. స్పీకర్ డబ్బాలూ వైర్ల చుట్టలూ దాటుకుని ఇరుకు మెట్లెక్కితే చిన్న గది, అందులో ఒకే ఒక బల్ల. బల్ల మీద మూత విప్పిన యాంప్లిఫయర్. డెబ్బైల నాటి జపాన్ సరుకు; వెండిరంగు ముఖం, పక్కలకు చెక్క. మెకానిక్ రెండు ప్రోబులను ఒక తెల్ల సిమెంట్ రెసిస్టర్ కొసలకు ఆనించి మల్టీమీటర్ వంక చూస్తున్నాడు. నాలుగు మిల్లీవోల్టులు.

స్టూలు మీద కూర్చున్న పెద్దాయనకు ఆత్రం ఆగడం లేదు. మస్కట్‌లో పనిచేసిన రోజుల్లో జీతం దాచుకుని కొన్న యాంప్ అది.

“అయిపోయినట్టేనా బాబూ?”

“ఇంకా లేదు సార్. ఇప్పుడు చల్లగుంది. ఇప్పుడే సెట్ చేస్తే వేడైనంక బయాస్ ఎక్కువైతది. అరగంట కూసోండి, చాయ్ తెప్పిస్త.”

చాయ్ వచ్చింది. మీటర్ మీద అంకె ఆరయింది, ఎనిమిదయింది. అల్యూమినియం హీట్‌సింక్ రెక్కల మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. అంకె పది దాటింది, పన్నెండు దాటింది, పదమూడు దగ్గర నిలబడి ఇక కదల్లేదు. అప్పుడు మెకానిక్ సన్న స్క్రూడ్రైవర్‌తో బోర్డు మీది ప్రీసెట్‌ను వెంట్రుకవాసి వెనక్కి తిప్పాడు. పదకొండు. ఆ రెసిస్టర్ విలువ 0.22 ఓమ్‌లు కాబట్టి, ట్రాన్సిస్టర్‌లో పాట లేకపోయినా పారుతుండే కరెంటు (బయాస్) 50 మిల్లీ ఆంపియర్లన్నమాట. రెండో చానెల్‌కూ అదే పని చేసి, స్పీకర్ వైర్లు బిగించి, “ఇప్పుడు వినండి” అన్నాడు.

నాలుగు నుంచి పదమూడుకు. యాంప్లిఫయర్ వేడెక్కుతుంటే దాని లోపలి స్థితి మారుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. తగాదా అంతా ఆ మార్పు చెవికి అందుతుందా లేదా అన్న దగ్గరే.

అటక దిగిన పెట్టెలు

ఎల్పీ రికార్డుల మీద మోజు మళ్లీ పుట్టింది. 2022లో అమెరికాలో సీడీల కంటే ఎల్పీలే ఎక్కువ అమ్ముడయ్యాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. ఆ గాలి మన ఊళ్లకూ తగిలింది. నాన్న గల్ఫ్ నుంచి తెచ్చిన యాంప్, తాతయ్య పెళ్లినాటి రేడియోగ్రామ్, ఎనభైల్లో మెకానిక్ చేత కట్టించుకున్న డెక్ ఒక్కొక్కటే దుమ్ము దులుపుకుంటున్నాయి. కొత్తగా కొనేవాళ్లు చైనా వాల్వు యాంప్‌లను ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు. ఇక పాటల పిచ్చి ఉన్నవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏ రాత్రి చూసినా ఇదే రభస. ఒకాయన సాయంత్రం స్నానానికి వెళ్లే ముందే యాంప్ ఆన్ చేసిపెడతాడు. ఇంకొకాయన అసలు ఆఫే చేయడు. మూడో ఆయన ఇదంతా భ్రమ అని కొట్టిపారేస్తాడు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. వేడెక్కడం నిజం. కొన్ని రకాల యాంప్‌లలో దాని కోసం ఆగడం అవసరం కూడా. కానీ గంట తర్వాత ‘పాట విచ్చుకుంది’ అని మనం మురిసిపోయే దాంట్లో పెద్ద వాటా వినేవాడిదే. అలాగని ఆ మురిపెం అబద్ధమేమీ కాదు.

వాద్యాన్ని వేడిచేయడం మనకు కొత్త కాదు. డప్పు కొట్టేవాళ్లు ఊరేగింపుకు ముందు చితుకుల మంట వేసి డప్పు కాచుకుంటారు. సెగకు తోలులోని తేమ ఆరి బిగుసుకుంటుంది, శ్రుతి పైకి లేస్తుంది. కాచిన డప్పుకూ కాచని డప్పుకూ తేడా వీధి చివర ఆడుకుంటున్న పిల్లాడు కూడా చెబుతాడు. ఎవరూ వాదించరు. యాంప్ దగ్గర ఇంత వాదన జరుగుతోందంటేనే, అక్కడున్న తేడా ఆ కొలమానానిది కాదని తెలుస్తోంది.

గాజులో నిప్పు

వాల్వు రేడియో విన్న తరానికి ఈ విషయం ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ రోజుల్లో పంచాయతీ ఆఫీసులోనో కరణంగారి అరుగు మీదో ఉండే పెద్ద చెక్క రేడియో మీట తిప్పగానే పలికేది కాదు. ముందు డయల్ వెనక దీపం వెలిగేది. ఆ తర్వాత అరనిమిషం ఏమీ లేదు. పిల్లలు గుక్క బిగబట్టుకుని నిలబడేవారు. ఎక్కడో లోతు నుంచి సన్నగా గుర్రుమనే హమ్, దాని వెనక మనిషి గొంతు, గొంతు పెరిగేకొద్దీ మ్యాజిక్ ఐ అనే ఆకుపచ్చ కన్ను సగం మూసుకోవడం. స్టేషన్ సరిగ్గా కుదిరిందనడానికి అదే గుర్తు.

ఆ అరనిమిషం ఎందుకంటే, వాల్వులో కరెంటు మోసేది ఎలక్ట్రాన్లు. అవి కాథోడ్ అనే లోహపు గొట్టం నుంచి బయటపడాలంటే ఆ గొట్టాన్ని ఎర్రగా కాల్చాలి. దాదాపు 700 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ దాకా. లోపలున్న సన్న హీటర్ తీగ ఆ పని చేస్తుంది. ఇంగ్లండ్‌లో ఫ్లెమింగ్ 1904లో రెండు ఎలక్ట్రోడ్ల వాల్వు చేశాడు. అమెరికాలో లీ డిఫారెస్ట్ 1906లో మూడోది చేర్చాడు; తర్వాత అదే ధ్వనిని పెంచే పరికరమైంది. అప్పటి నుంచి ట్రాన్సిస్టర్ వచ్చేదాకా పెద్దగా వినిపించిన దాదాపు ప్రతి పాటా, ప్రతి ఉపన్యాసమూ ఆ నిప్పులోంచి వచ్చిందే.

ఇళ్లలో మేలిమి ధ్వని అన్న మాటకు అర్థం వచ్చింది కూడా వాల్వులతోనే. 1947 ఏప్రిల్‌లో డి.టి.ఎన్. విలియమ్సన్ ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ఒక యాంప్ నమూనా ప్రచురించాడు. 15 వాట్ల దగ్గర దాని వక్రీకరణ 0.1 శాతం లోపే. బొమ్మ చూసి ఇంట్లో కట్టుకోగల నమూనా కావడంతో ఎన్నో దేశాల్లో ఔత్సాహికులు అదే కట్టుకున్నారు. మన దేశంలోనూ అరవైల్లో బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వాల్వులు తయారు చేసింది. ఆ కంపెనీ పేరు అచ్చయిన పాత వాల్వుల కోసం ఇప్పటికీ వెతికేవాళ్లున్నారు.

కాబట్టి వాల్వు యాంప్ విషయంలో వార్మప్ గురించి వాదనే లేదు. పలకడానికి అరనిమిషం. కుదురుకోవడానికి పావుగంట, ఇరవై నిమిషాలు. బయాస్ సరిచూసేవాళ్లు ఆ తర్వాతే మీటర్ పెడతారు. కానీ ఈ గొడవలో మన దగ్గర ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. చాలా వాల్వుల హీటర్‌కు కావలసింది 6.3 వోల్టులు, పది శాతం అటూ ఇటూ ఫర్వాలేదు. ఏప్రిల్ సాయంత్రం ఊరంతా ఏసీలు వేసినప్పుడు గోడ సాకెట్‌లో 230 ఉండాల్సింది 200కు పడిపోతే, హీటర్‌కు అందేది ఐదున్నర వోల్టులే. అప్పుడు కాథోడ్ చాలినంత కాలదు. గంట కాదు, తెల్లవార్లూ ఆన్‌లో ఉంచినా అది వేడెక్కాల్సినంత వేడెక్కదు. పాత ఇళ్లలో రేడియో పక్కన స్టెబిలైజర్ పెట్టింది ఊరికే కాదు. వాల్వు యాంప్ కొన్నవాళ్లు ఖరీదైన కేబుల్ కొనే ముందు సాయంత్రం పూట సాకెట్‌లో వోల్టేజీ కొలిచి చూడడం మంచిది.

---

■ వాల్వు ఆయుష్షు

ఇఎల్34 అనే పవర్ వాల్వు హీటరొక్కటే 6.3 వోల్టుల దగ్గర 1.5 ఆంపియర్లు తాగుతుంది. అంటే దాదాపు తొమ్మిదిన్నర వాట్లు. స్టీరియో యాంప్‌లో అలాంటివి నాలుగుంటే పాట మొదలుకాక ముందే 38 వాట్లు వేడికే.

పవర్ వాల్వులు మామూలుగా 2,000 నుంచి 5,000 గంటలు పనిచేస్తాయి. 2,000 గంటల వాల్వును రోజుకు మూడు గంటలు వాడితే ఇంచుమించు 22 నెలలు వస్తుంది. ‘ఎప్పుడూ వేడిగా ఉండాలి’ అని ఆపకుండా ఉంచితే 83 రోజులు.

ఇప్పుడు దొరికే కొత్త వాల్వుల్లో ఎక్కువ భాగం చైనా, రష్యా, స్లొవేకియాల నుంచి వచ్చేవే.

---

రెండు మిల్లీవోల్టుల కథ

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. బార్డీన్, బ్రాటెయిన్, షాక్లీలకు 1956లో నోబెల్ వచ్చింది. దీనికి హీటర్ అక్కర్లేదు. మీట నొక్కగానే పలుకుతుంది. అయితే వేడితో దానికి వేరే పేచీ ఉంది. సిలికాన్ ట్రాన్సిస్టర్‌ను పని చేయించడానికి బేస్ దగ్గర ఇవ్వాల్సిన వోల్టేజీ, వేడి ఒక డిగ్రీ పెరిగితే రెండు మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. ముప్పై డిగ్రీల దగ్గర మొదలైన ట్రాన్సిస్టర్ అరవైకి చేరితే ఆ తేడా 60 మిల్లీవోల్టులు. చూడ్డానికి చిన్న అంకె. కానీ మనం ఇచ్చే వోల్టేజీ మారకుండా ఉంటే లోపలి కరెంటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. కరెంటు పెరిగితే వేడి, వేడి పెరిగితే మళ్లీ కరెంటు. అడ్డుకునే ఏర్పాటు లేకపోతే చివరికి ట్రాన్సిస్టర్ కాలిపోతుంది.

మైక్‌సెట్‌వాళ్లకు ఇది పుస్తకాల్లో చదివిన విషయం కాదు. మే నెల పెళ్లి, మిట్టమధ్యాహ్నం, రేకుల పందిరి కింద యాంప్. ఒక్కసారిగా హారన్లు మూగబోతాయి. ‘ఔట్‌పుట్ ఎగిరిపోయింది’ అంటారు. అందుకే అనుభవం ఉన్నవాడు పెళ్లివారి టేబుల్ ఫ్యాన్‌ను తనవైపు కాకుండా యాంప్ వైపు తిప్పుతాడు. మెకానిక్‌లు కట్టిచ్చే యాంప్‌లలో 5200, 1943 అనే ట్రాన్సిస్టర్ల జోడీ మనవైపు బాగా పేరుపడింది. వాటి కింద మైకా ముక్క, థర్మల్ పేస్టు సరిగ్గా వేయని పనివాడి యాంప్ ఏ వేసవిలోనో బయటపడిపోతుంది.

మంచి యాంప్‌లలో ఒక చిన్న ట్రాన్సిస్టర్‌ను అదే హీట్‌సింక్‌కు బిగిస్తారు. పెద్దవి వేడెక్కితే అదీ వేడెక్కి బయాస్‌ను ఆ మేరకు తగ్గిస్తుంది. చిక్కేమిటంటే, పాట ఒక్కసారిగా హెచ్చినప్పుడు ట్రాన్సిస్టర్ లోపలి సిలికాన్ ముక్క క్షణంలో వేడెక్కుతుంది. కిలోలకొద్దీ బరువుండే అల్యూమినియం వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది. కాపలా ట్రాన్సిస్టర్‌కు కబురు ఆలస్యంగా అందుతుంది. కోఠి బల్ల మీద అంకె నాలుగు నుంచి పదమూడుకు అంత నింపాదిగా ఎక్కింది ఈ కారణంగానే. ఈ ఆలస్యం పోగొట్టడానికి ఉష్ణోగ్రతను పసిగట్టే డయోడ్‌ను పవర్ ట్రాన్సిస్టర్ పొట్టలోనే అమర్చిన రకాలు తర్వాత వచ్చాయి.

ఇక ఏ యాంప్‌కు ఎంతసేపు ఆగాలన్నది దాని జాతిని బట్టి ఉంటుంది. క్లాస్-ఎ యాంప్ పాట ఉన్నా లేకపోయినా నిండు కరెంటు మీదే ఉంటుంది. 1969లో లిన్స్‌లీ హుడ్ ప్రచురించిన పది వాట్ల నమూనా నుంచి ఇప్పటి లక్షల రూపాయల పెట్టెల దాకా అంతే. హీట్‌సింక్ మీద చెయ్యి ఎక్కువసేపు ఉంచలేం. దీని బయాస్ స్థిరపడడానికి అరగంట నుంచి గంట. తయారీదారులే మాన్యువల్‌లో ఆ మాట రాస్తారు, రాసినదాన్ని నమ్మవచ్చు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే క్లాస్-ఏబీ యాంప్‌లో అంకెలు ఇరవై నిమిషాలు కదులుతాయి గానీ, వక్రీకరణ మొదటి నిమిషం నుంచే చెవి పట్టగల మేరకు చాలా కిందే ఉంటుంది, బయాస్ సరిగ్గా పెట్టి ఉంటే. కొత్తగా వస్తున్న క్లాస్-డి యాంప్ తీసుకున్న కరెంటులో తొంభై శాతం దాకా స్పీకర్‌కే పంపుతుంది. వేడి తక్కువ, కాబట్టి కాచుకోవాల్సిందీ తక్కువే.

చల్లగా విన్నది, వేడిగా విన్నది

వార్మప్‌ను నమ్మేవాళ్లు వాడే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. మొదట ధ్వని పొడిగా, గరుకుగా ఉందంటారు. వయొలిన్ పై స్వరాలు గీరుకున్నట్టు వినిపించాయంటారు. గంటకు గొంతు ముందుకొచ్చిందని, తంబూరా శ్రుతి గదంతా పరుచుకుందని, మృదంగం ఎడమవైపు గుమికీలో లోతు వచ్చిందని చెబుతారు. వాళ్లు కల్పించి చెబుతున్నారని నేను ఎప్పుడూ అనుకోలేదు. వాళ్లకు అలాగే వినిపించింది.

విజయవాడలో ఒక మిత్రుడి ఇంట్లో ఈమని శంకరశాస్త్రి వీణ రికార్డు క్లాస్-ఎ యాంప్ మీద విన్నాను. ఆన్ చేసిన వెంటనే ఒకసారి, భోజనాలయ్యాక ఒకసారి. రెండోసారి మీటుకు మీటుకూ మధ్య నాదం తరిగిపోయే తీరు, ఆ చివరి పోగు ఎంతసేపు నిలిచిందో అంతా వినపడింది. మొదటిసారి అది పట్టనేలేదు. “చూశావా అన్నా, అందుకే ఆగమన్నాను” అన్నాడు మిత్రుడు. కానీ రెండోసారి వింటున్నప్పుడు ఆ రాగం నాకు అప్పటికే పరిచయం. ఎక్కడ గమకం వస్తుందో తెలుసు. కడుపు నిండింది, వీధిలో హడావిడి తగ్గింది. వీటిలో దేని మహిమ ఏదో విడదీసి చెప్పడం ఎలా?

చల్లని యాంప్‌నూ వేడి యాంప్‌నూ పక్కపక్కన పోల్చడం మహా కష్టం. ఒకే యాంప్ ఒకే సమయంలో చల్లగా, వేడిగా ఉండదు. ధ్వనిలోని సన్నని వివరాలను మన చెవి సరిగ్గా గుర్తుపెట్టుకునేది కొన్ని సెకన్లే. మధ్యలో గంట గడిస్తే మిగిలేది ధ్వని కాదు, దాని మీద మనకున్న అభిప్రాయం. ఉన్న దారి ఒక్కటే. స్పీకర్ టెర్మినళ్ల దగ్గర యాంప్ ఔట్‌పుట్‌ను తగ్గించి చల్లగా ఉన్నప్పుడొకసారి, వేడెక్కాకొకసారి రికార్డు చేసుకోవాలి. రెండింటి స్థాయినీ సరిసమానం చేసి, ఏది ఏదో తెలియకుండా ఇంకొకరి చేత వేయించుకుని వినాలి.

మిత్రుడి కూతురు ఆ పని చేసిపెట్టింది. వాల్వు యాంప్ మొదటి నిమిషం ముక్కను ఇద్దరమూ పట్టుకున్నాం. క్లాస్-ఏబీ యాంప్‌లో ఎవరమూ పట్టలేకపోయాం. క్లాస్-ఎ దగ్గర మిత్రుడు కొన్ని చెప్పాడు, కొన్ని తప్పాడు. ఒక ఇంట్లో ఒక సాయంత్రం చేసింది శాస్త్రం అయిపోదు. అయినా ఆ తర్వాత మా మధ్య మాటల తీరు మారింది.

మూత కప్పి వినిపిస్తే

ఇలాంటి పరీక్షలు పెద్ద ఎత్తున, పేరున్నవాళ్ల మధ్య జరిగాయి. అవి వార్మప్ మీద చేసినవి కావు. వేర్వేరు యాంప్‌ల మీద చేసినవి. ఇంకా పెద్ద తేడా ఉండాల్సిన చోట ఏం జరిగిందో చూస్తే ఈ వాదనకు ఒక అంచనా దొరుకుతుంది. ఇంగ్లండ్‌కు చెందిన క్వాడ్ కంపెనీ మూడు తరాల యాంప్‌లను పరీక్షకు పెట్టింది. 1953 నాటి వాల్వు యాంప్, 1967 నాటి ట్రాన్సిస్టర్ యాంప్, డెబ్బైల నడుమ వచ్చిన 405 అనే మోడల్. జేమ్స్ మోయిర్ నిర్వహించిన ఆ పరీక్ష ఫలితాలు 1978లో ‘వైర్‌లెస్ వరల్డ్’లో వచ్చాయి. ఏది ఏదో చూపించకుండా వినిపిస్తే శ్రోతలు వాటిని నమ్మకంగా వేరు చేయలేకపోయారు.

1985లో బాబ్ కార్వర్ అనే అమెరికన్ డిజైనర్ ‘స్టీరియోఫైల్’ పత్రికవాళ్లతో పందెం వేశాడు. వాళ్లు ఎంచుకున్న ఖరీదైన వాల్వు యాంప్ ధ్వనిని తన ట్రాన్సిస్టర్ యాంప్‌లో పలికిస్తానన్నాడు. రెండింటి ఔట్‌పుట్‌నూ ఒకదానితో ఒకటి కొట్టివేయించి, మిగిలిన తేడాను మీటర్‌లో చూసుకుంటూ తన సర్క్యూట్‌ను దిద్దుకుంటూ పోయాడు. చివరికి ఆ సంపాదకులు తేడా పట్టలేకపోయారు. 1987 జనవరి ‘స్టీరియో రివ్యూ’ ఆరు యాంప్‌లను 25 మందికి వినిపించింది. ధరలు సుమారు 200 డాలర్ల నుంచి 12,000 డాలర్ల దాకా. కాకతాళీయంగా వచ్చే మార్కుల కంటే మెరుగ్గా ఎవరూ చేయలేదు.

వీటిని చూపించి ‘యాంప్‌లన్నీ ఒకటే’ అనేవాళ్లతో నేను ఏకీభవించను. మంచి స్థితిలో ఉన్న యాంప్‌లను, వాటి శక్తికి లోబడిన వాల్యూమ్‌లో, స్థాయి సరిచూసి వినిపించినప్పటి ఫలితాలవి. చాలీచాలని కెపాసిటర్లతో, తప్పిన బయాస్‌తో నడిచే పాత యాంప్ తేడా ఎవరికైనా తెలుస్తుంది. మన ఇళ్లలో అటక దిగేవి సరిగ్గా అలాంటివే.

---

■ పీఎంపీఓ అనే పెద్ద అంకె

స్పీకర్ సెట్ డబ్బా మీద ‘3,000 వాట్ల పీఎంపీఓ’ అని ఉంటుంది, వెనక చూస్తే అడాప్టర్ 12 వోల్టులు, రెండు ఆంపియర్లు. అంటే లోపలికి వెళ్లేదే 24 వాట్లు. అంతకంటే ఎక్కువ అదేపనిగా బయటికి వచ్చే ప్రసక్తే లేదు. పీఎంపీఓకు అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతి లేదు. చూడాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్లు. ఇంట్లో మామూలుగా వినడానికి స్పీకర్‌కు అందేది చాలాసార్లు ఒకటి రెండు వాట్లే.

---

చెవి కుదురుకునే వేళ

అమీర్‌పేట సిగ్నల్ దగ్గర పావుగంట హారన్ల మధ్య నిలబడి ఇంటికొచ్చినవాడి చెవి మామూలు చెవి కాదు. పెద్ద శబ్దాల తర్వాత వినికిడి తాత్కాలికంగా మొద్దుబారుతుంది. మళ్లీ నిశ్శబ్దంలో ఉంటే మెల్లగా కోలుకుంటుంది. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలకు మించి ఉండకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. పెరిగే ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ గడువు సగానికి తగ్గుతుంది. చెప్పులు విడిచి, మొహం కడుక్కుని, యాంప్ ఆన్ చేసి కాఫీ తాగేసరికి గడిచిన ఆ అరగంటలో హీట్‌సింక్‌తోపాటు చెవి కూడా దారికి వస్తుంది. ఇందులో ఎవరి వాటా ఎక్కువో నాకు అనుమానం లేదు.

వాల్యూమ్ సంగతి మరొకటి. మనిషి చెవి తక్కువ స్థాయిలో మంద్ర స్వరాలను తక్కువగా వింటుందని 1933లోనే ఫ్లెచర్, మన్సన్‌లు కొలిచి చూపించారు. వినేకొద్దీ తెలియకుండానే నాబ్ కాస్త పెంచుతాం. పెంచగానే మృదంగం లోతుగా, గొంతు నిండుగా వస్తుంది. యాంప్ వేడెక్కిందనుకుంటాం.

స్పీకర్‌నూ మరచిపోకూడదు. దాని వాయిస్ కాయిల్ రాగితీగ. వేడి డిగ్రీ పెరిగితే రాగి నిరోధం 0.39 శాతం పెరుగుతుంది. గట్టిగా వినేటప్పుడు కాయిల్ వంద డిగ్రీలు వేడెక్కితే నిరోధం ఇంచుమించు 40 శాతం పెరిగి ధ్వని తగ్గుతుంది. యాంప్ లోపల ఏ భాగంలోనూ పాట మీద ఇంత పట్టున్న మార్పు రాదు. ఈ మాట మాత్రం ఏ గ్రూపులోనూ ఎవరూ ఎత్తరు.

తెలుగువాళ్ల ఇళ్లలో ఎక్కువమంది యాంప్‌ను అసలు వాడేది ఎప్పుడని చూస్తే, తెల్లవారుజామున సుప్రభాతానికి. నిద్ర కళ్లతో మీట నొక్కుతారు, ఐదో సెకనులో పాట మొదలవుతుంది. యాంప్ పూర్తిగా చల్లగా ఉంటుంది. ఆ వేళ ఊరు నిశ్శబ్దం, చెవి రాత్రంతా విశ్రాంతి తీసుకుని ఉంటుంది. ఆ పాట పొడిగా ఉందని ఫిర్యాదు చేసినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

144 యూనిట్లు

ఎప్పుడూ ఆన్‌లో ఉంచితేనే మంచిదన్న సలహా చల్లని దేశాల నుంచి వచ్చింది. డిట్రాయిట్ చలికాలంలో బేస్‌మెంట్‌లో పాటలు వినే మన తెలుగువాడికి క్లాస్-ఎ యాంప్ వెచ్చదనం హాయే. రెంటచింతలలో మే నెలలో అదే యాంప్ పెట్టుకుంటే కథ వేరు. చానెల్‌కు పాతిక వాట్ల క్లాస్-ఎ యాంప్ ఊరికే ఉన్నా 200 వాట్ల దాకా లాగుతుంది. రోజంతా ఉంచితే నెలకు 144 యూనిట్లు. తెలంగాణలో గృహజ్యోతి కింద ఉచితంగా ఇచ్చే పరిమితి 200 యూనిట్లు. అందులో దాదాపు ముప్పాతిక భాగం పాట లేని వేడికే పోతుంది. రోజుకు మూడు గంటలే వాడితే 18 యూనిట్లు. పైగా అది గదిలోకి వదిలే వేడిని బయటికి తోడడానికి ఏసీకి అదనపు పని.

కరెంటు సంగతి అలా ఉంచినా, ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల సంగతి ఉంది. పది డిగ్రీలు వేడి పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌వాళ్లందరూ పాటించే లెక్క. గది ఉష్ణోగ్రత 25 ఉన్న ఇంట్లో ఏళ్ల తరబడి నడిచే యాంప్, 40 డిగ్రీల గదిలో, టీవీ స్టాండ్ అరలో గాలాడకుండా నడిస్తే అన్నాళ్లు నడవదు. పైన కనీసం జానెడు ఖాళీ ఉండాలి. దాని మీద సెటాప్ బాక్సు, క్రోషియా గుడ్డ పెట్టడం మానుకోవాలి. వినడానికి అరగంట ముందు ఆన్, విన్నాక ఆఫ్. వాల్వుకు ఇంతకంటే అక్కర్లేదు, క్లాస్-ఎకు మహా అయితే గంట. మిగతావాటికి ఈ అరగంట కూడా తప్పనిసరి కాదు.

అటక దించాక మొదటి రోజు

గంట వార్మప్ గురించి వాదించేవాళ్లలో చాలామంది అసలు ప్రమాదమున్న మొదటి నిమిషాన్ని పట్టించుకోరు. ఇరవై ఏళ్లు కరెంటు చూడని యాంప్‌లోని కెపాసిటర్లు తమ లోపలి ఆక్సైడ్ పొరను కొంత పోగొట్టుకుని ఉంటాయి. తుడిచి నేరుగా ప్లగ్ పెడితే ఒక్కసారిగా నిండు వోల్టేజీ పడి ఉబ్బుతాయి, పగులుతాయి, పోతూ పోతూ ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా తీసుకుపోవచ్చు. అలా పోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను చూసి ఏడ్చినంత పనిచేసిన మనుషులు నాకు తెలుసు. ఆ యాంప్ వాళ్ల నాన్న ఇచ్చిన ఒకే ఒక వస్తువు.

మన మెకానిక్‌ల దగ్గర దీనికి చవకైన ఉపాయముంది: సిరీస్ బోర్డు. మామూలు వంద వాట్ల తీగ బల్బును యాంప్‌కు వరుసలో కలుపుతారు. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. ప్లగ్ పెట్టగానే బల్బు ఒకసారి వెలిగి, కెపాసిటర్లు నిండేకొద్దీ మందగిస్తే లోపల షార్ట్ లేనట్టే లెక్క. వెలుగు తగ్గకుండా అలాగే ఉంటే వెంటనే తీసేసి లోపల వెతకాలి. క్లాస్-ఎ, వాల్వు యాంప్‌లు మామూలుగానే ఎక్కువ కరెంటు లాగుతాయి కాబట్టి వాటి మీద బల్బు కొంత వెలుగుతూనే ఉంటుంది. దాన్ని చదవడానికి చెయ్యి తిరిగినవాడు కావాలి. వాల్వు యాంప్‌లో మూడు నాలుగు వందల వోల్టులుంటాయి, ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటాయి. కాబట్టి మూత ఇంట్లో విప్పకండి.

బల్బు పరీక్ష దాటితే పాత ఎలక్ట్రోలైటిక్‌లు మార్పించండి, స్పీకర్ రిలే కాంటాక్టులు శుభ్రం చేయించండి, వాల్యూమ్ నాబ్‌లో క్లీనర్ కొట్టించండి. ఆ తర్వాత అరగంట వేడి మీద రెండు చానెళ్ల బయాస్ సరిచేయించి, ఆ అంకెను ఒక చీటీ మీద రాయించుకుని యాంప్ అడుగున అతికించండి. గుజరాతీ గల్లీలోనూ, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనూ ఈ పని తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లలో చాలామంది వయసు పైబడినవాళ్లు, కొత్త కుర్రాళ్లు మొబైల్ రిపేర్ వైపు వెళ్లిపోతున్నారు. యాంప్ ఇంకా అటక మీదే ఉంటే దించాల్సింది ఈ ఏడాదే.